ఐసీయూలో ఏడు నెలలు అయింది, ఇప్పుడు ఎటు వెళ్లాలి? (విశాఖ)

అరిలోవ_సిస్టర్
బీఎస్సీ నర్సింగ్ పోయినేడు అయిపోయింది. వయసు 23. ఇక్కడే ఒక ప్రైవేట్ ఆస్పత్రి ఐసీయూలో ఏడు నెలలుగా చేస్తున్నాను. చేతికి వచ్చేది 15,800. అరిలోవలో ముగ్గురం కలిసి రూమ్ తీసుకున్నాం. అద్దె, తిండి పోగా ఇంటికి పంపేది మూడు వేలు. మాది నర్సీపట్నం దగ్గర పల్లెటూరు, నాన్న ఆటో నడుపుతారు.

ఇంట్లో తలా ఒక మాట చెబుతున్నారు. నాన్న గవర్నమెంటు పరీక్ష రాయమంటారు. మా పెద్దమ్మ కూతురు "ఎమ్మెస్సీ చేసేసి లెక్చరర్ అయిపో, నైట్లు ఉండవు" అంటుంది. రూమ్మేట్ ద్వారకానగర్‌లో జర్మన్ క్లాసుల్లో చేరింది. అక్కడ పరిచయమైన ఏజెంటు నాకు కూడా ఫోన్ చేశాడు. ప్యాకేజీ రెండున్నర లక్షలట. 15వ తేదీలోపు 80 వేలు కడితేనే ఈ బ్యాచ్‌లో సీటట. అమ్మ గాజులు తాకట్టు పెడతానంటోంది.

మొన్న నైట్‌లో నాకు ఐదుగురు పేషెంట్లు, అందులో ఇద్దరు వెంటిలేటర్ మీద. ఒకాయన పంపులో నార్‌అడ్రినలిన్ (బీపీ పడిపోకుండా ఎక్కించే మందు) అయిపోవస్తోందని అలారం మోగుతోంది. కొత్త సిరంజి కలుపుతుంటే పక్క బెడ్ తాత నోట్లో ట్యూబు పట్టుకుని లాగబోతున్నాడు. ఎడమచేత్తో ఆయన చెయ్యి పట్టుకుని, కుడిచేత్తో సిరంజి పట్టుకుని, దాని మూత నోటితో తీసి... అలా చెయ్యకూడదని తెలుసు, తిట్టకండి. పొద్దున హ్యాండోవర్ ఇచ్చి హనుమంతవాక స్టాపులో కూర్చుంటే మూడు బస్సులు వెళ్లిపోయాయి, లేవలేకపోయాను.

ఉద్యోగం మానేసి నార్సెట్‌కి (ఎయిమ్స్ నర్సు ఉద్యోగాల పరీక్ష) కూర్చోవాలా? ఎమ్మెస్సీయా? జర్మనీయా? ఇంకోటి, చేరినప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ హెచ్‌ఆర్ వాళ్లు తీసుకున్నారు. ఈ దారుల్లో నడిచినవాళ్లు చెప్పండి.

నైట్‌డ్యూటీ_నాయుడు
15వ తేదీలోపు కట్టమన్నవాడి దగ్గర 16వ తేదీన కూడా సీటు ఉంటుంది. ముందు అమ్మగారి గాజులు బీరువాలో పెట్టించు. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

పాత_ఇన్‌ఛార్జ్
నోటితో మూత తీసినందుకు తిట్టనులే అమ్మా, మేమూ చేశాం. మళ్లీ చెయ్యకు.

31 ఏళ్ల సర్వీసు నాది, ఎక్కువ భాగం సర్జికల్ ఐసీయూలోనే. కొత్తగా వచ్చిన పిల్లల్లో ఒకటి గమనించాను. మొదటి మూడు నెలలు భయం. ఆరో నెల దాటాక పని చేతికొస్తుంది కానీ జీతం పెరగదు, మెచ్చుకునేవాళ్లు ఉండరు. సరిగ్గా అప్పుడే మానేస్తారు. ఇంకో ఆస్పత్రిలో రెండు వేలు ఎక్కువని చేరతారు, మళ్లీ ఆరు నెలలు. మూడేళ్లు తిరిగేసరికి చేతిలో నాలుగు ఉత్తరాలుంటాయి, ఒక్కదానికీ బరువుండదు. గల్ఫ్‌వాళ్లయినా ఇంకెవరైనా అడిగేది ఎక్కువగా రెండేళ్లు. ఆ రెండేళ్లు ఒక్కచోట, ఒక్క ఐసీయూలో పూర్తి చెయ్యి. బ్లడ్ గ్యాస్ రిపోర్టు చూసి డాక్టర్ కంటే ముందు నువ్వే కంగారు పడే రోజు వస్తుంది. ఆ తర్వాత ఎటైనా వెళ్లు.

సీలేరు_పిల్ల
మేడమ్ గారూ, గౌరవంగానే చెబుతున్నా. ఒక్క సిస్టర్‌కి ఐదుగురు ఐసీయూ పేషెంట్లంటే అక్కడ నేర్చుకునేది పరుగెత్తడమే. వెంటిలేటర్ పేషెంటుకి ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ లెక్క. అలాంటి చోట రెండేళ్లుంటే నడుం పోతుంది, ఏదైనా తేడా వస్తే పేరూ పోతుంది. ఐసీయూ అనుభవం కావాలంటే ఐసీయూ మారొచ్చు కదా, అక్కడే కూర్చోవాలని ఏముంది?

జీతం సంగతి కూడా. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ ప్రైవేట్ నర్సుల జీతాల మీద సిఫార్సులు చేసింది. 50 పడకల లోపు ఆస్పత్రైనా 20 వేలకు తగ్గకూడదు, 200 పడకలు దాటితే గవర్నమెంటు నర్సుతో సమానంగా ఇవ్వాలి అని. పదేళ్లవుతోంది, మన అరిలోవలో 15,800.

నైట్‌డ్యూటీ_నాయుడు
సిఫార్సు చేశారు కాబట్టి ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు అక్కా.

పాత_ఇన్‌ఛార్జ్
సీలేరు అమ్మాయి చెప్పింది నిజమే. మా రోజుల్లో కూడా కాజువాల్టీలో ఒక్కదాన్నే వార్డంతా చూసిన రాత్రులున్నాయి, అది గొప్ప అని చెప్పను. చోటు మారితే మారొచ్చు. ఐసీయూ వదలొద్దు, గ్యాప్ రానివ్వొద్దు. నేను పట్టుబట్టేది అంతే.

ఎమ్మెస్సీ_చేసి_చూశా
మీ అక్క చెప్పిన దారి ఇప్పుడు కుదరదు. బీఎస్సీ తర్వాత కనీసం ఏడాది పని చేసిన అనుభవం ఉంటేనే ఎమ్మెస్సీకి అర్హత. నీకు ఏడు నెలలే. "ఎక్స్‌పీరియెన్స్ లెటర్ మేమే చూసుకుంటాం" అని ఏ కాలేజీ అయినా అంటే అటు తలెత్తి కూడా చూడకు.

నేను పీడియాట్రిక్స్‌లో చేశాను. రెండేళ్ల ఫీజు, థీసిస్ ఖర్చు, ఆ రెండేళ్లు రాని జీతం... అన్నీ కలుపుకో. తర్వాత ఒక ప్రైవేట్ కాలేజీలో ట్యూటర్‌గా చేరితే 19 వేలు. నైట్లు ఉండవు, నిజమే. పొద్దున్నే నలభైమంది పిల్లల్ని బస్సెక్కించి పోస్టింగ్స్‌కి తీసుకెళ్లాలి, వాళ్లలో ఒక్కరు సూది గుచ్చుకున్నా జవాబు నేనే చెప్పాలి. ఇన్‌స్పెక్షన్ వచ్చిందంటే ఎన్నడూ చూడని సార్లు, మేడమ్‌లు స్టాఫ్ రూమ్‌లో నా కుర్చీలో కూర్చుని ఉంటారు. టీ మాత్రం నేనే తెప్పించాలి.

పనికిరాదని కాదు. అక్రెడిటేషన్ ఉన్న పెద్ద ఆస్పత్రుల్లో నర్స్ ఎడ్యుకేటర్, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్స్ పోస్టులకు పనికొచ్చింది, నేను ఇప్పుడు అదే చేస్తున్నా. బెడ్‌సైడ్ తెలిసి చేసిన ఎమ్మెస్సీకి ఒక విలువ, నైట్లు తప్పించుకోవడానికి చేసినదానికి ఇంకో విలువ. నాది రెండో రకం, అందుకే చెబుతున్నా.

గాజువాక_బ్రదర్
నార్సెట్ గురించి నేను చెప్తా. మూడోసారికి వచ్చింది, ఇప్పుడు ఉత్తరాదిలో ఒక ఎయిమ్స్‌లో ఉన్నా.

బీఎస్సీకి అనుభవం అక్కర్లేదు, కాబట్టి నువ్వు ఇవాళే అర్హురాలివి. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్లకైతే 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్లు కావాలి. వయసు 30 దాకా, రిజర్వేషన్‌ని బట్టి సడలింపు. నీకింకా ఏడేళ్లుంది. ఏడాదికి మామూలుగా రెండుసార్లు పెడుతున్నారు. ప్రిలిమ్స్‌లో 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు, తప్పుకి మూడోవంతు కోత. అది దాటితే మెయిన్స్. బేసిక్ 44,900, కేంద్రం జీతాల్లో లెవెల్ 7, దానిమీద డీఏ, హెచ్‌ఆర్‌ఏ. మంగళగిరి ఎయిమ్స్ కావాలని అందరికీ ఉంటుంది, మంచి ర్యాంకు వస్తే తప్ప దొరకదు. ఇక్కడ చలికి నా కాన్యులా పెట్టే వేళ్లే బిగుసుకుపోతున్నాయి.

మొదటిసారి ఉద్యోగం మానేసి, ఇంట్లో తలుపేసుకుని చదివా. ప్రిలిమ్సే పోయింది. మూడోసారి ఐసీయూలో చేస్తూ రోజుకి రెండు గంటలు చదివితే వచ్చింది. మెయిన్స్‌లో పేషెంటు పరిస్థితి ఇచ్చి "ముందు ఏం చేస్తావు" అని అడుగుతారు. మొన్న నీ తాత ట్యూబు లాగబోయాడు చూడు, అలాంటివే.

మగవాళ్లకి మాత్రం వందకి ఇరవై పోస్టులే. ఎనభై మీవే. ఈ లెక్క తెలిశాక కూడా నువ్వు రాయకపోతే నాకు కోపమొస్తుంది చెల్లీ.

రుషికొండ_గాలి
బ్రదర్ గారి కడుపుమంటకి పాంటాప్రజోల్ 40 ఎంజీ, ఖాళీ కడుపున.

గాజువాక_బ్రదర్
వార్డులో అందరూ "బ్రదర్, స్ట్రెచర్" అని పిలిచేది కూడా నన్నే. దానికి మాత్రం రిజర్వేషన్ లేదు.

జీఎన్‌ఎం_2016
50 పడకల మాట వచ్చింది కాబట్టి నా సంగతి. మూడేళ్లు ఒకే ఆస్పత్రిలో చేశా. మానేసినప్పుడు లెటర్‌హెడ్ మీద ఒక కాగితం ఇచ్చారు, "ఈమె మా వద్ద సంతృప్తికరంగా పనిచేసినది, భవిష్యత్తు ఉజ్జ్వలంగా ఉండాలని కోరుకుంటున్నాము" అని. మురిసిపోయి ఫైల్లో పెట్టుకున్నా. వెరిఫికేషన్‌లో ఆవిడ అద్దాలు పైకెత్తి చదివి, "పడకలెన్ని?" అంది. లేదు. చేరిన తేదీ ఉంది, మానేసిన తేదీ లేదు. పూర్తికాలమా కాదా లేదు. తిరిగొచ్చి ఆస్పత్రికి వెళితే యాజమాన్యం మారింది, పాత రికార్డు దొరకలేదు. మూడేళ్లూ గాలికి పోయాయి.

కాబట్టి ఎవరైనా సరే, లెటర్ తీసుకునే రోజే అక్కడే నిలబడి చదవండి. హోదా, ఏ వార్డు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఎన్ని పడకలు, సంతకం చేసినవాళ్ల పేరు, ముద్ర. జీతం బ్యాంకులో పడిన స్టేట్‌మెంట్లు కూడా దాచుకోండి. ఉజ్జ్వల భవిష్యత్తు వాళ్లనే ఉంచుకోమనండి.

మస్కట్_నుంచి
పై పోస్టుకి వంద దండాలు. గల్ఫ్‌కి డేటాఫ్లో అని ఉంటుంది. నువ్వు చదివిన కాలేజీకి, కౌన్సిల్‌కి, పనిచేసిన ఆస్పత్రికి వాళ్లే నేరుగా రాసి అడుగుతారు. దొంగ ఎక్స్‌పీరియెన్స్ పెట్టినవాళ్లు అక్కడే దొరికిపోతారు. నాది నిజమైనదే, కానీ మా పాత ఆస్పత్రి హెచ్‌ఆర్ ఆయన మెయిలే తెరవలేదు. చివరికి మా తమ్ముడు మాడుగుల హల్వా కిలో పట్టుకెళ్లి ఆయన పక్కన కూర్చుని జవాబు కొట్టించాడు.

ఏజెంటు డబ్బు మాట. విదేశీ ఉద్యోగాలకి లైసెన్సున్న ఏజెంటు మన దగ్గర తీసుకోగలిగిన గరిష్ఠ రుసుము 30 వేలు, పైన 18 శాతం జీఎస్టీ. అంతకుమించి అడిగితే అది రుసుము కాదు. కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ సైట్లో లైసెన్సు నంబరు కొడితే బతికున్నదో లేదో తెలుస్తుంది. గల్ఫ్ లాంటి ఈసీఆర్ దేశాలకి (వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి అడిగేవి) నర్సుల్ని పంపే పని 2015లో ప్రభుత్వ సంస్థలకి అప్పగించారు, మన రాష్ట్రానికి ఓంక్యాప్ ఉంది. ముందు అక్కడ అడుగు.

అరిలోవ_సిస్టర్
లైసెన్సు నంబరు అడిగాను. "మాది కన్సల్టెన్సీ మేడమ్, లైసెన్సు మా పార్ట్‌నర్ కంపెనీకి ఢిల్లీలో ఉంది" అన్నాడు. పార్ట్‌నర్ పేరు అడిగితే "కట్టాక అగ్రిమెంట్‌లో ఉంటుంది" అన్నాడు.

నైట్‌డ్యూటీ_నాయుడు
కట్టాక అగ్రిమెంట్‌లో ఉంటుంది, కట్టకపోతే బీరువాలో ఉంటుంది.

డేర్_డీ_దాస్
జర్మనీలో రెండో ఏడు నాది. భయపెట్టను, ఊరించను.

భాష ముందు. ఏ1, ఏ2, బీ1, బీ2 అని మెట్లుంటాయి. బీ1 దాకా చాలామంది లాగుతారు. నర్సుగా పూర్తి గుర్తింపుకి మామూలుగా బీ2 అడుగుతారు, అక్కడ ఆగిపోతారు. నాకు ఏ1 నుంచి బీ2కి ఏడాది పైనే పట్టింది, అదీ డ్యూటీ చేస్తూ. తమాషా ఏమిటంటే వాళ్ల ఉపవాక్యాల్లో క్రియ మనలాగే చివరికొస్తుంది. "పేషెంటు నొప్పి అంటున్నాడు కాబట్టి నేను డాక్టర్‌ని పిలిచాను" అని మనసులో తెలుగులో పేర్చుకుంటే సగం దారి వచ్చేసినట్టే. ఇంగ్లీషులోంచి వెళ్లినవాళ్లే తికమక పడ్డారు. లింగాన్ని బట్టి ప్రతి పేరు ముందూ పెట్టే డేర్, డీ, దాస్ మాత్రం దేవుడికే తెలియాలి. చెంచా పురుషుడు, ఫోర్కు స్త్రీ, కత్తి నపుంసకం.

గుర్తింపు వచ్చేదాకా హెల్పర్ హోదా, హెల్పర్ జీతం. మన చదువుకీ వాళ్ల చదువుకీ తేడాలు రాసి ఒక కాగితం ఇస్తారు, దాన్ని బట్టి అడాప్టేషన్ కోర్సో పరీక్షో. పని విషయంలో కూడా ఒక మాట. ఇక్కడ పేషెంటుకి ఒళ్లు తుడవడం, తినిపించడం, పడక మార్చడం అన్నీ నర్సు పనే, బయట కూర్చున్న అటెండర్లు, బంధువులు ఉండరు. ఐసీయూలో చేసొచ్చి వృద్ధాశ్రమంలో పోస్టింగ్ పడితే ఏడ్చినవాళ్లున్నారు. ఏ వార్డో కాంట్రాక్టులో చూసుకోవాలి.

ముఖ్యమైనది. నర్సుల కొరత వాళ్లది. సరైన దారిలో వచ్చినవాళ్లకి భాష ఖర్చు, టికెట్టు ఆస్పత్రే పెట్టుకుంటుంది. న్యాయమైన నియామకాలకి అక్కడ ప్రభుత్వ ముద్ర ఒకటి ఉంది, అది ఉన్న సంస్థలు నర్సు దగ్గర డబ్బు తీసుకోకూడదు. నేను కట్టింది ఏ1 క్లాసు ఫీజు ఒక్కటే.

రుషికొండ_గాలి
మా ఇంట్లో పదేళ్ల కిందట "నర్సు పిల్ల వద్దండీ, నైట్ డ్యూటీలు" అన్న మధ్యవర్తే మొన్న వచ్చి "జర్మనీ నర్సు ఉంటే చెప్పండి, అబ్బాయి ఏ పనైనా చేస్తాడు" అన్నాడు.

కేజీహెచ్_గేటు_దగ్గర
రాష్ట్రం ఉద్యోగాల సంగతి ఎవరూ ఎత్తలేదేం? కాంట్రాక్టు స్టాఫ్ నర్సు పోస్టులకి పరీక్ష ఉండదు, మెరిట్ లిస్టే. కోర్సు మార్కులకి 75, పాసై ఎన్నేళ్లయిందో దానికి 10 దాకా, ఇదివరకు కాంట్రాక్టులో చేసిన సర్వీసుకి 15 దాకా. ఆ సర్వీసు మార్కుల్లో ఊరి కంటే పల్లెకి, పల్లె కంటే గిరిజన ఏజెన్సీకి ఎక్కువ. అందుకే తెలివైనవాళ్లు ముందు పాడేరు, చింతపల్లి వైపు వెళ్లి, మార్కులు కూడబెట్టుకుని కిందికి దిగుతారు. నేను రెండేళ్లు ఏజెన్సీలో చేశా. ఒక్క డాక్టరు, డెలివరీలు, పాముకాట్లు, వానాకాలంలో మలేరియా. అక్కడ నేర్చుకున్నంత ఏ కార్పొరేట్ ఐసీయూలోనూ నేర్చుకోలేదు. ఇది పాత ఇన్‌ఛార్జ్ గారితో నా గొడవ.

పాత_ఇన్‌ఛార్జ్
గొడవేం లేదమ్మా. నేనూ రెండేళ్లు అరకులో చేశా. చలికి గ్లూకోజ్ సీసాలు పొట్టకి ఆనించుకుని వేడి చేసేవాళ్లం.

పల్లె_క్లినిక్
నేను ఎంఎల్‌హెచ్‌పీ, అంటే ఊరి క్లినిక్ చూసుకునే నర్సుని, అనకాపల్లి జిల్లాలో. నైట్లు లేవు, బీపీలు, షుగర్లు, గర్భిణులు. కేంద్రం లెక్కలో 25 వేలు, పని చూసి 15 వేల దాకా ఇన్సెంటివ్. ఆ ఇన్సెంటివ్ పడే నెల పండగ. పని హాయి కంటే యాప్‌ల గోల ఎక్కువ, ఒక్క ముసలమ్మ బీపీ మూడు చోట్ల ఎక్కించాలి. కానీ ఇక్కడ మూడేళ్లుంటే ఐసీయూ చెయ్యి పోతుంది. నాకు ఇప్పుడు వెంటిలేటర్ సెట్టింగులు అడిగితే దిక్కులు చూస్తా. పెళ్లై, పిల్లలుండి, ఊరు కదలలేనివాళ్లకి మంచిది. 23 ఏళ్లకే ఎందుకు?

సీలేరు_పిల్ల
ఆడపిల్లలకి మిలిటరీ నర్సింగ్ సర్వీస్ కూడా ఉంది, లెఫ్టినెంట్ హోదాతో. మన నేవీ ఆస్పత్రి కల్యాణిలో యూనిఫాంలో చూశాకే నాకు ఆశ పుట్టింది. రైల్వే వాళ్ల నర్సింగ్ పోస్టు కూడా లెవెల్ 7. అగనంపూడి క్యాన్సర్ ఆస్పత్రి టాటా మెమోరియల్ కిందది, ఆ నోటిఫికేషన్లూ చూస్తూ ఉండు, అనుభవం అడుగుతారు.

నర్సు_నాన్న
నేను నర్సుని కాను, మా అమ్మాయి ఫైనలియర్. ఇదంతా రెండుసార్లు చదివాను. ఒక అనుమానం. ఒరిజినల్స్ ఆస్పత్రివాళ్లు ఎలా ఉంచుకుంటారు? అడగకూడదా?

జీఎన్‌ఎం_2016
అడగాలి సార్. చాలామంది పిల్లలు భయపడి ఊరుకుంటారు. సిస్టర్, నువ్వు ఇలా చెయ్యి. పాస్‌పోర్టుకి పదో తరగతి సర్టిఫికెట్ కావాలని రాతపూర్వకంగా అడుగు. అది అబద్ధం కూడా కాదు, పాస్‌పోర్టు ఎలాగూ తీసుకోవాలి. రెండు కాపీలు రాసి ఒకదాని మీద "అందినది" అని సంతకం పెట్టించుకో. పదోది చేతికొచ్చాక రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌కి ఇంకో ఉత్తరం. ఇస్తే సరి. ఇవ్వకపోతే సంతకమున్న ఆ కాపీయే రేపు నీకు సాక్ష్యం.

అరిలోవ_సిస్టర్
మూడు రోజులు వరుసగా నైట్లు, అందుకే ఆలస్యం.

పదోది ఇచ్చారు. హెచ్‌ఆర్ ఆవిడ "ఎక్కడికైనా వెళ్లిపోతున్నావా?" అని నాలుగుసార్లు అడిగింది. మిగతావి "సార్ వచ్చాక" అన్నారు. ఉత్తరం మీద సంతకం మాత్రం పెట్టించుకున్నాను, చెయ్యి వణికింది.

ఎమ్మెస్సీ ఎలాగూ ఇప్పుడు కుదరదని అక్కకి చెప్తే "నాకప్పుడు ఎవరూ అడగలేదే" అంది. ఆ మాట మీద నేనింక ఏమీ అడగలేదు. ఏజెంటుకి కట్టట్లేదు. రూమ్మేట్ కట్టేసింది, నాతో సరిగా మాట్లాడట్లేదు. జర్మన్ ఏ1 మాత్రం వాళ్లతో సంబంధం లేని చోట కనుక్కుంటున్నా. ఉద్యోగం ఏడాది నిండేదాకా వదలను. ఈలోపు వేరే ఐసీయూల్లో ఒక్కొక్కరికి ఎంతమంది పేషెంట్లో అడుగుతున్నా. నార్సెట్ పుస్తకం ఒకటి కొన్నాను. నిన్న రెండు పేజీలు చదివి దానిమీదే నిద్రపోయా.

గాజువాక_బ్రదర్
రెండు పేజీలంటే మొదటిరోజుకి ఎక్కువే. నేను కవర్ వేసి ఆపేశా.

నర్సు_నాన్న
నిన్న సాయంత్రం మా అమ్మాయికి కూడా ఎవరో ఫోన్ చేశారు. జర్మనీ ప్యాకేజీ, రెండున్నర లక్షలు. గడువు 15 నుంచి 30కి పొడిగించారట.

నైట్‌డ్యూటీ_నాయుడు
నేను 16 అన్నా. తప్పైపోయింది.